గట్టి, డొల్ల

పదకొండింటికి వస్తామంది చెల్లి. ఇప్పుడు పదీ పది, అంటే ఇంకా యాభై నిమిషాలుంది, యాభై నిమిషాల్లో చెయ్యి తిరిగిన మనిషి ఒక కిటికీకి నూనె రంగు వేసి చేతులు కూడా కడుక్కోవచ్చు, నేను మాత్రం బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఒక గోడ వంక చూస్తున్నాను. ఖాళీ ఇల్లు, చెల్లి వాళ్లు కొనబోయేది. దగ్గితే ఆ దగ్గే తిరిగి వినిపిస్తుంది, దగ్గకపోయినా ఎవరో దగ్గినట్టుంటుంది. తాళంచెవి మధ్యవర్తి పొద్దున్నే నా చేతిలో పెట్టి, "మాస్టారూ, మీరు నింపాదిగా అన్నీ చూసి రాసి పెట్టండి, ఓనరు గారితో చేయించాల్సినవి చేయించేద్దాం, సంతకాలయ్యాక అడిగితే ఎవడూ పలకడు" అని చెప్పి వెళ్లిపోయాడు. నన్నందరూ మాస్టారనే అంటారు, బళ్లో పాఠం చెప్పిన పాపాన పోలేదు గాని ముప్ఫై ఏళ్లుగా గోడలకి పుట్టీ పట్టి, గరుకు కాగితం రుద్ది, రంగులు వేసినందుకు దక్కిన పిలుపది. చేతిలో పెన్సిలుంది, కాగితముంది, కాగితం మీద చెల్లి నిన్న ఫోన్లో చెప్పగా రాసిన పదకొండు లోపాలున్నాయి. పన్నెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ పదకొండూ మళ్లీ చదివాను, చదివితే కాలం గడుస్తుందని. వంటగదిలో గట్టు పక్కన టైలు మూల విరిగింది. స్నానాలగదిలో కుళాయి కారుతోంది. హాల్లో స్విచ్చుల చుట్టూ వేళ్ల మురికి. వరండా కటకటాలకి తుప్పు. చెల్లి కళ్లు మంచివి, ఏదీ వదల్లేదు, కిటికీ గడియ ఒకటి రంగులో మునిగి బిగుసుకుపోయిందని కూడా పట్టింది. ఏడోది: మూల గది తలుపు కింద నేలకి రాసుకుంటోంది, కాస్త చిత్రిక పట్టించాలి. ఎనిమిదోది: ఆ గది గోడకి ఎవరో తల ఆనించిన నూనె మరక. ఏడో దగ్గర నా పెన్సిలు ఆగింది, నిన్న రాసేటప్పుడూ ఆగింది, "రాశావా అన్నయ్యా?" అని అడిగితే "ఆఁ, రాశా, చిన్న పనే" అన్నాను. చిన్న పనే! ఆ తలుపుకి ఇప్పటికే రెండుసార్లు చిత్రిక పట్టారు, అడుగున చెక్క తెల్లగా, పచ్చిగా కనిపిస్తోంది. తలుపులు పెరగవు. పెరిగేది పిల్లలు, కుంగేది ఇళ్లు. ఈ ఇల్లు ఈ మూల కుంగుతోంది, ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఒకరు ఓనరు, రెండోవాణ్ని నేను.

ఎందుకంటే ఎదురుగా కనిపిస్తున్న ఈ గోడ గోడ కాదు. దీని వెనక అసలు గోడుంది, ఇటుక గోడ, దాని మీద పైన కిటికీ మూల నుంచి కింద నేల మూల దాకా మెట్లు మెట్లుగా దిగిన పగులుంది. దాన్ని కప్పినవాణ్ని నేను. ఎనిమిదేళ్ల క్రితం, ఈ గదిలోనే, బహుశా ఇలాంటి డబ్బా మీదే కూర్చుని. అసలు గోడకి నాలుగు వేళ్లు ఎడం వదిలి, రెండడుగులకో నిలువు చెక్క నిలబెట్టి, ఆ చెక్కల మీద జిప్సం పలకలు బిగించి, అతుకులకి జాలీ పట్టీ అంటించి, పైన మూడు పూతలు పుట్టీ పట్టి, అద్దంలా రుద్ది రంగు వేశాను. వెనక గోడ ఎంత కదిలినా ముందుది చెక్కు చెదరదు. ఆ ఉపాయం నాకెవరూ చెప్పలేదు, నా బుర్రకే తట్టింది, తట్టినప్పుడు ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది.

పదీ ఇరవై. బయట ఎవరో ఇనప గేటు లాగారు, తీరా చూస్తే పక్కింటివాళ్లది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆదివారం చెల్లి వాళ్లతో ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు కూడా ఇలాగే, వీధి మలుపు తిరగ్గానే ఇది ఆ ఇల్లేనని కాళ్లకి ముందు తెలిసింది. రంగు మార్చారు, గేటు మార్చారు, నేను ఇదేనా కాదా అని నాకు నేనే అబద్ధం చెప్పుకుంటూ లోపలికొచ్చాను. చెల్లి, బావ, వాళ్ల పదేళ్ల పిల్ల, నా మేనకోడలు, ముందు మధ్యవర్తి. మూల గదిలోకి రాగానే మధ్యవర్తి ఈ గోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. "చూడండి సార్, ఎనిమిదేళ్లయిందంట, ఒక్క వెంట్రుక గీత లేదు. ఎవడు చేశాడో గాని మహానుభావుడు." బావ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. బావ అసలు సిసలు మాస్టారు, లెక్కలు చెబుతాడు, నాలుగు మంచి చొక్కాలున్న మనిషి. ఒకసారి ఎవరికో నన్ను చూపించి, "మా ఆవిడ అన్నగారు, ఏదో రంగుల పని" అన్నాడు. ఆ 'ఏదో' నాకు పదిహేనేళ్లుగా చొక్కా కాలర్లో పడ్డ రంపం పొట్టులా గుచ్చుతోంది. అలాంటి బావ నా వైపు తిరిగి, "నిజం చెప్పండి బావగారూ, ఇంత నున్నగా చేసేవాడు మీకెక్కడైనా తగిలాడా?" అని అడిగాడు. గొంతులో వెలక్కాయ పడింది. పడితే పడింది, దాని చుట్టూ తీపి కూడా ఊరింది, ఛీ, అదే చెప్పలేకపోతున్నాను. "అరుదండీ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను, పైగా చిన్నగా నవ్వాను కూడా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మేనకోడలు ఈ గోడకి వీపానించి నిలబడి, "ఇది నా గది, మంచం ఇక్కడే, మావయ్యా, నీలం రంగు వేస్తావుగా?" అంది. వేస్తానన్నాను. అప్పుడు చెల్లి, "అన్నయ్యా, నువ్వోసారి తట్టి చూడు" అంది.

తట్టడం మా నాన్న నేర్పింది. తాపీమేస్త్రీ, మాట తక్కువ, మమ్మల్ని ఎప్పుడైనా పనిలోకి వెంటబెట్టుకెళ్తే కూర్చోమనేవాడు కాదు, గోడలు తట్టమనేవాడు. వేలు మడిచి కణుపుతో, కొనబోయే కుండని తట్టినట్టు. దాన్ని మేమిద్దరం ఆట చేసుకున్నాం, ఒకరు కళ్లు మూసుకోవాలి, రెండోవాళ్లు చెయ్యి పట్టి గోడ దగ్గరికి తీసుకెళ్లాలి, తట్టి చెప్పాలి, గట్టా డొల్లా. చెల్లికప్పుడు ఆరేడేళ్లు, నాకు పద్నాలుగు. అది ఒక్కసారీ తప్పు చెప్పేది కాదు. నేను కావాలని తలుపు దగ్గరికి తీసుకెళ్లి మోసం చేయబోయినా, "ఇది చెక్క, దొంగ!" అని కళ్లు మూసుకునే నవ్వేది. ముందు పళ్లు రెండూ లేవప్పుడు. ఆ బోసి నవ్వు నాకింకా కళ్లకి కట్టినట్టుంది, దాని చెయ్యి ఎంత చిన్నదో, నా గుప్పిట్లో ఎలా ఇమిడిపోయేదో, నేనెటు లాగితే అటు వచ్చేది. దానికి ఇళ్లు చూపించడానికి తిరుగుతుంటే ఈ మూడు నెలలూ అదే అనిపించింది, కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుందని.

ఆదివారం నేను ముందుకెళ్లాను, వేలు మడిచాను, తట్టాను. ఖంగుమని గట్టిగా పలికింది. పలకదూ మరి? కిటికీ నుంచి రెండడుగులు, అక్కడ నిలువు చెక్కుంది. ఆ చెక్కని నిలబెట్టినవాణ్ని నాకు తెలియదా! నేను వెతకలేదు, లెక్కపెట్టలేదు, చెయ్యే వెళ్లి సరిగ్గా దాని మీద వాలింది. ఓ జానెడు ఇటు తట్టి ఉంటే, ఓ జానెడు అటు తట్టి ఉంటే ఖాళీ డబ్బాలా మోగేది, అందరికీ తెలిసిపోయేది, నేనేమీ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయేది. చెల్లి కూడా వచ్చి నా వేలు పక్కనే వేలు పెట్టి తట్టింది, నా వంక చూసి నవ్వింది. "గట్టి" అంది. నేనూ "గట్టి గోడ" అన్నాను. "ఇల్లు బాగుంది, ఉన్నవన్నీ పైపై లోపాలే, నేను చూసుకుంటాను" అన్నాను.

పైపై లోపాలు. ఆ మాట కూడా నేనే నేర్పాను వాళ్లకి. మూడు నెలల క్రితం, ఇల్లు కొనాలనుకున్న కొత్తలో, వాళ్లింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎంత ఉపన్యాసం దంచానని! పెచ్చులూడితే భయపడకండి, అది ఒంటి మీద గజ్జి లాంటిది, మందేస్తే పోతుంది. రంగు వెలిసిందా, టైలు పగిలిందా, కుళాయి కారుతోందా, అవన్నీ నవ్వి ఊరుకోండి, ఇంకా సంతోషించండి, వాటిని చూసి వేరేవాళ్లు కొనకుండా పోయారని. చూడాల్సింది నేల వాలు, తలుపు చట్రాలు మూలమట్టంగా ఉన్నాయా, పగులు ఎటు నడిచింది. మనిషికైనా మొహం కడుక్కోవచ్చు గాని వెన్నెముక మార్చుకోలేం కదా అన్నాను. బావ నోటుబుక్కు తెచ్చుకుని రాసుకున్నాడు. లెక్కల మాస్టారు, నా మాటలు, రాసుకున్నాడు! రెండో వారం ఒక ఇల్లు చూశాం, చూరు నుంచి నేల దాకా నాచు మరకలు, మేనకోడలు దెయ్యం ఇల్లంది. నేను గంటసేపు తట్టాను, పునాది చూశాను, ఉక్కులాంటి ఇల్లు, తీసుకోండన్నాను. చెల్లికి మనసొప్పలేదు, పిల్ల ఏడుపు మొహం పెట్టింది, సరే మీ ఇష్టమన్నాను, గట్టిగా ఇంకో మాట చెప్పలేదు. ఆ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది, మొన్న ఆ వైపు వెళ్తూ చూశాను. వానకి ఇంకాస్త పచ్చబడింది.

పదీ ముప్ఫై అయిదు. డబ్బా మీద నుంచి లేచి గోడ దగ్గరికెళ్లాను, ఎనిమిదో నంబరు మరక నా ఛాతీ ఎత్తున ఉంది. గుండ్రంగా, అరచేతి వెడల్పున, నూనె ఇంకి మెరుస్తోంది. ఎవరో మంచం మీద కూర్చుని రోజూ ఇక్కడే తల ఆనించుకునేవారు, పుస్తకం చదివేవారో, పిల్లకి పాలిచ్చేవారో, ఊరికే కూర్చునేవారో. ఎనిమిదేళ్లలో ఎంతమంది అద్దెకున్నారో ఈ గదిలో. వాళ్ల తలకీ ఆ పగులుకీ మధ్య నా పలక ఒక్కటే. ఇన్నాళ్లూ వాళ్లెవరూ నాకు గుర్తు రాలేదు. ఒక్క రాత్రి నిద్ర చెడలేదు, ఒక్క ముద్ద సహించకుండా పోలేదు. ఇప్పుడు మేనకోడలి తల కాబట్టి గుర్తొచ్చారు. ఇంతకంటే సిగ్గుమాలినతనం ఇంకేముంటుంది, ఊరివాళ్ల తలలు తలలు కావు కాబోలు నాకు.

అప్పట్లో నేనేం తెలియక చేయలేదు, అదొక్కటి చెప్పుకుంటే కాస్త ఊరట దొరికేది, అదీ లేదు. మా పనిలో పగుళ్లు రెండు రకాలంటాం, చచ్చినవి, బతికున్నవి. చచ్చిన పగులు అక్కడితో ఆగిపోతుంది, పూడిస్తే సరి. బతికున్నది పెరుగుతుంది. ఏది ఏ రకమో తెలియాలంటే పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి రెండు చివరలా సిమెంటుతో అతికిస్తాం, పక్కన తారీఖు వేస్తాం. గాజుకి సాగడం తెలియదు, గోడ కాస్త కదిలినా విరుగుతుంది. ఇక్కడ పెట్టిన గాజు పదిహేడో రోజున విరిగింది. ఓనరుకి చూపించాను. ఈ మూల కింద ఒకప్పుడు పెద్ద గొయ్యి ఉండేదని, పూడ్చి కట్టారని ఎదురింటి ముసలాయన చెప్పింది కూడా చెప్పాను. పునాది కింద పని చేయించాలి సార్, నా వల్లయ్యేది కాదు అన్నాను. అంతవరకూ మనిషినే నేను. ఆయన గాజు వంక చూడలేదు, నా వంక చూశాడు. "పగులెందుకొచ్చిందో చూడటం నీ పని కాదు, కనపడకుండా చేయడం నీ పని. నీ వల్ల కాదంటే చెప్పు, చేసేవాణ్ని పిలుస్తా" అన్నాడు. నా వల్ల కాదంటావా! అంతే, ఆ మాట పట్టుకుని రోషం పొడుచుకొచ్చింది. భయపెట్టలేదు, బతిమాలలేదు, నీ వల్ల కాదా అన్నాడు, నేను ఎగేసుకుని చేసి చూపించాను. పూర్తయ్యాక కాస్త దూరం జరిగి, తల పక్కకి వంచి, నా పని నేనే చూసుకుని మురిసిపోయాను. అదే మురిపెం ఆదివారం బావ ముందు మళ్లీ పళ్లికిలించింది.

పదీ నలభై. ఓనరు కూడా వస్తున్నాడు కదా ఇవాళ. ఆయన నన్ను గుర్తుపడతాడు, పట్టకుండా ఎలా ఉంటాడు. గుర్తుపట్టి, "ఏమయ్యా, నువ్వా!" అంటే ఒక రకం, ఏమీ అనకుండా ఓ కనుబొమ ఎత్తి ఊరుకుంటే ఇంకో రకం, ఆ ఊరుకోవడమే భయంగా ఉంది. అప్పుడిక మేమిద్దరం ఒక పక్క, నా చెల్లెలు ఇంకో పక్క అవుతాం. కాబట్టి ఇప్పుడు నేను చేయబోయేది మంచితనంతో చేస్తున్నానో, దొరికిపోతానన్న భయంతో చేస్తున్నానో నాకే తెలియదు. ఈ వయసులో ఇదేం ఖర్మ, నిజం చెప్పడానికి లేచినప్పుడు కూడా చేతులు శుభ్రంగా లేవు. కాగితం మీద పన్నెండు అని వేశాను. అంకె పక్కన ఏమీ రాయలేకపోయాను. గోడలో పగులుందని రాస్తే, నువ్వు తట్టావుగా అంటుంది. నువ్వు తట్టావుగా అన్నయ్యా అంటుంది.

సంచిలోంచి పుట్టీ రేకు తీశాను, చాలలేదు, ఉలి తీశాను. చెక్క ఉన్నచోట కాదు, జానెడు పక్కన, మరక పైన. మొదటి దెబ్బకి పుట్టీ లేచింది, ఎంత గట్టిగా పట్టానో దొంగముండాకొడుకుని, ఉలి జారింది. పలక విరిగేసరికి చల్లగాలి మొహానికి కొట్టింది, ఎనిమిదేళ్ల నాటి గాలి, ఇటుక వాసన. పళ్లెమంత కన్నం చేశాను. ఫోను లైటు వేసి చూశాను, ఉంది. ఎక్కడికి పోతుంది. గాజు కూడా ఉంది, రెండు ముక్కలూ రెండు పక్కల సిమెంటు పట్టుకుని అలాగే ఉన్నాయి, కింద పెన్సిలుతో తారీఖు. ఆరోజు ఆ రెండు ముక్కల మధ్య వెంట్రుక పట్టేది. ఇప్పుడు చిటికెన వేలు పెడితే కణుపు దాకా పోయింది. వేలు లోపలుండగానే అనిపించింది, గాజు పీకేస్తే చాలు, తారీఖు తడిగుడ్డతో తుడిచేస్తే చాలు, ఎవడో కప్పాడు, నేను కనిపెట్టాను అవుతుంది. తడిగుడ్డ సంచిలోనే ఉంది. సంచి వంక ఎంతసేపు చూశానో తెలియదు. గేటు చప్పుడైంది, ఈసారి మనదే.

చెల్లి ముందుగా వచ్చింది, ఎప్పుడూ అంతే, బావని వరండాలో మధ్యవర్తి మాటల్లో వదిలేసి గబగబా. గుమ్మంలో తలుపు నేలకి రాసుకుంటే భుజంతో నెట్టి, నా తల మీద తెల్లటి దుమ్ము చూసి నవ్వబోయి, గోడ చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకుని లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మో!" అంది. "అమ్మో అన్నయ్యా, ఇంత పగులా! పైన పలకేసి కప్పేశారా? పిల్ల మంచం ఇక్కడే వేద్దామనుకున్నాం కదా... తారీఖు కూడా వేసుకున్నాడు చూడు, ఎవడో గాని సిగ్గులేనోడు. ఎలా కనిపెట్టావు? నువ్వు కాబట్టి కనిపెట్టావు. ఇంకెవరైనా అయితే మా పుట్టి మునిగిపోయేది." నా మోచెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు, భయంతో కొన్ని, కొన్ని నా మీద ప్రేమతో.

ఊరుకుంటే సరిపోయేది. ఒక్క ముక్క మాట్లాడకుండా ఊరుకుంటే నేను ఈ పూట దేవుణ్ని. కొనరు, వెళ్లిపోతారు, పిల్ల క్షేమం, బావ నోటుబుక్కులో ఇంకో పేజీ. ఊరుకుందామనే అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. కానీ అది నా చొక్కా మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు నేను దానికి దులిపినట్టు, భుజం మీద, వీపు మీద, తట్టి తట్టి.

"నేనేనే" అన్నాను.

"ఏంటి నువ్వు?"

"కప్పింది. ఆ తారీఖు నేనే వేశాను. ఎనిమిదేళ్లయింది."

దులిపే చెయ్యి ఆగింది. నవ్వులాట అనుకుందేమో, మొహంలోకి చూసింది, కాదని తెలిసింది. నేను ఏదేదో చెప్పాను, ఓనరు అన్న మాట, గొయ్యి, గాజు, పదిహేడు రోజులు, అన్నీ ముద్దముద్దగా వచ్చాయి. అది వింటున్నట్టు లేదు. ఎనిమిదేళ్ల నాటి సంగతి దానికి అక్కర్లేదు. మెల్లగా గోడ వైపు తిరిగింది, కిటికీ నుంచి రెండడుగుల దగ్గర నిలబడింది, కళ్లు మూసుకుంది. వేలు మడిచి తట్టింది.

"గట్టి" అంది.

జానెడు ఇటు జరిపి తట్టింది.

"డొల్ల."

మళ్లీ మొదటి చోటికి వెళ్లింది, ఆదివారం నా వేలు పక్కన తన వేలు పెట్టిన చోటికి. ఇంకోసారి తట్టి, కళ్లు తెరవకుండానే అడిగింది, "తెలిసే ఇక్కడ తట్టావా?"

అవునని తలూపాను. కళ్లు మూసుకుంది కదా, చూడదని గుర్తొచ్చి, "అవును" అన్నాను. నా గొంతు ఖాళీ గదిలో నాకే రెండుసార్లు వినిపించింది.

వరండాలోంచి బావ మాటలు దగ్గరవుతున్నాయి, ఎవరితోనో, ఆ ఓనరుతోనే, నవ్వుతూ, కాస్త గొప్పగా. "మా బావగారు స్వయంగా తట్టి చూశారండీ, ఇంక మేం చూసేదేముంది, ఆయన మాటంటే మాటే." చెల్లి కళ్లు తెరిచింది. కన్నానికి అడ్డంగా నిలబడ్డదల్లా పక్కకి తప్పుకుంది, వచ్చేవాళ్లకి గోడా నేనూ ఇద్దరం కనిపించేలా.

"నువ్వే చెప్పు" అంది. చివర అన్నయ్యా అని లేదు.